బీటెక్ ఫస్టియర్ క్లాసులకు ముందే ఎలా సిద్ధం కావాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నా వాట్సాప్‌లో ఇవే ప్రశ్నలు. మా ఊరి పిల్లలు, చుట్టాల పిల్లలు, వాళ్ల ఫ్రెండ్స్, ఒక్కోసారి వాళ్ల అమ్మానాన్నలు. ఒకే జవాబు పదిసార్లు వాయిస్ మెసేజ్ పెట్టి గొంతు పోయాక ఇలా రాసి పెడుతున్నాను. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం ఎంపీసీ చదివి, జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉండే ఒక కాలేజీలో ఈసీఈ చేశాను, ఆర్22 బ్యాచ్, అంటే 2022లో వచ్చిన రెగ్యులేషన్ (సిలబస్, మార్కుల నియమాలు) కింద. టాపర్‌ని కాదు. ఎం1 (మొదటి సెమిస్టర్ మ్యాథ్స్) మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షలో, 30కి 9 వచ్చాయి, కాబట్టి ఏం చేయకూడదో మాత్రం గట్టిగా చెప్పగలను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## సీటు వచ్చింది, క్లాసులు ఇంకా మొదలవలేదు

అక్కా, క్లాసులకు నెల టైముంది. ఫస్టియర్ సిలబస్ మొత్తం ముందే చదివేస్తే పోలా?

వద్దు. నేను సరిగ్గా ఆ పనే చేశాను. సీనియర్ దగ్గర నోట్సు తెచ్చుకుని ఎం1 మొదటి యూనిట్ రెండు వారాలు రుద్దాను, క్లాసులో సార్ మొదలుపెట్టేసరికి "ఇది నాకు వచ్చు కదా" అని వినడం మానేశాను. తీరా చూస్తే నాకు వచ్చింది లెక్క చేసే పద్ధతి మాత్రమే, ఎందుకు చేస్తున్నామో తెలియదు. బీటెక్‌లో వెనకబడే పిల్లల్లో ఎక్కువమంది కొత్త పాఠం కష్టమై వెనకబడరు, ఆ పాఠం నడవడానికి కావలసిన ఇంటర్ పాఠం పరీక్షకు బట్టీ పట్టి మరచిపోయి వెనకబడతారు. అందుకే ఈ నెల ముందుకు కాదు, వెనక్కి చదవండి. రోజుకు గంటన్నర చాలు. మిగతా టైం నిద్రపోండి, రెండేళ్ల ఇంటర్ కాలేజీ స్టడీ అవర్ల తర్వాత అది కూడా అవసరమే.

ఇంటర్ మ్యాథ్స్‌లో అచ్చంగా ఏవి తిరగేయాలి? పుస్తకాలు నాలుగున్నాయి, అన్నీ చదవలేను.

అన్నీ అక్కర్లేదు. 1ఎ లో మాత్రికలు, 1బి లో అవకలనాలు, 2బి లో సమాకలనాలు. ఈ మూడూ వస్తే ఎం1 కి నేల దొరికినట్టే. ఎం1 లో ఏముంటుందంటే, మాత్రిక ర్యాంకు, గాస్ ఎలిమినేషన్, ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం, రోల్, లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతాలు, బీటా గామా ఫంక్షన్లు, పాక్షిక అవకలనాలు, డబుల్ ఇంటిగ్రల్స్. పేర్లు చూసి హడలిపోకండి. పాక్షిక అవకలనం అంటే ఏంటో ఇక్కడే చూపిస్తాను: x²y ని x తో అవకలనం చేయాలంటే y ని 5 లాంటి మామూలు సంఖ్య అనుకోండి, 2xy వస్తుంది. y తో చేయాలంటే x² ని సంఖ్య అనుకోండి, x² వస్తుంది. అంతే, ఇంటర్‌లో చేసిందే రెండుసార్లు చేస్తున్నాం. అయితే ఆ ఇంటర్ లెక్క చెయ్యి తిరిగినంత సులువుగా రావాలి, అక్కడ తడుముకుంటే ఇక్కడ మునుగుతారు.

సూత్రాలు చూసి చదవొద్దు. తెల్ల కాగితం మీద sin, cos, tan, log, eˣ ల అవకలనాలు, సమాకలనాలు చూడకుండా రాయండి, తప్పిన వాటికి సున్నా చుట్టండి, మర్నాడు మళ్లీ రాయండి. వారంలో సున్నాలు పోతాయి. త్రికోణమితి సూత్రాలు కూడా ఒకసారి, sin2x, cos2x వరకు చాలు. వృత్తాలు, సంభావ్యత ఇప్పటికి పక్కన పెట్టేయండి.

నాది తెలుగు మీడియం. అంతా ఇంగ్లీషులో చెబుతారంటున్నారు, ఏం అర్థం కాదేమోనని టెన్షన్‌గా ఉంది.

ఈ టెన్షన్ నాకు బాగా తెలుసు. మొదటి రోజు సార్ "ర్యాంక్ ఆఫ్ ఎ మ్యాట్రిక్స్" అంటే నేను ఎంసెట్ ర్యాంకు గురించి ఏదో జోకు వేస్తున్నాడనుకున్నాను. అది మనం ఇంటర్‌లో చదువుకున్న "మాత్రిక కోటి" అని తెలిసేసరికి పీరియడ్ అయిపోయింది. మనకు విషయం రాక కాదు, పేరు వేరే కావడం వల్ల ఆగిపోతాం.

కాబట్టి ఒక చిన్న నోట్‌బుక్ తీసి పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమ వైపు మీ తెలుగు అకాడమీ పుస్తకంలో మాట, కుడి వైపు ఇంగ్లీషు మాట. నిర్ధారకం అంటే డిటర్మినెంట్, సదిశ అంటే వెక్టర్, ప్రమేయం అంటే ఫంక్షన్, అవధి అంటే లిమిట్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్. ఫిజిక్స్‌లో వ్యతికరణం ఇంటర్‌ఫియరెన్స్, వివర్తనం డిఫ్రాక్షన్, ధ్రువణం పోలరైజేషన్. ఇలా రోజుకు పది మాటలు, స్పెల్లింగుతో సహా, ఎందుకంటే పరీక్షలో రాయాల్సింది ఇంగ్లీషులోనే. నెల తిరిగేసరికి మూడొందల మాటలు. లెక్చరర్లు చాలామంది మధ్యమధ్యలో తెలుగులో చెబుతూనే ఉంటారు, మీరు భయపడేంత ఘోరంగా ఉండదు. ఇంకో సంగతి, ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) వాళ్లు ఫస్టియర్ ఇంజనీరింగ్ పుస్తకాలను తెలుగులోకి కూడా తెచ్చి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు. పరీక్ష వాటిలోంచి రాయొద్దు కానీ, ఒక పాఠం బొత్తిగా ఎక్కనప్పుడు తెలుగులో ఒక్కసారి చదివితే ముడి విడిపోతుంది.

బ్రిడ్జ్ కోర్సు, ఫౌండేషన్ కోర్సు అని ఫోన్లు వస్తున్నాయి. చేరాలా?

నేను ఆరు వేలు కట్టి చేరాను. పేరు చెప్పను. ఇరవై రోజులు చెబుతామన్నారు, తొమ్మిది రోజులు చెప్పారు, మిగతా రోజులు రికార్డు చేసిన వీడియోలు వేశారు, అవి యూట్యూబ్‌లో ఊరికే దొరికేవే. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులో చెప్పే యూట్యూబ్ ఛానళ్లు బోలెడు. మీ కాలేజీయే పెట్టే బ్రిడ్జ్ క్లాసులుంటే మాత్రం వెళ్లండి, పాఠం కోసం కాకపోయినా నలుగురు పరిచయమవుతారు. డబ్బు కట్టేవి మీ ఇష్టం, నా ఆరు వేలు మాత్రం పోయాయి.

కోడింగ్ ఇప్పుడే మొదలుపెట్టకపోతే వెనకబడిపోతామట కదా? సి నేర్చుకోవాలా, పైథానా?

మీ మొదటి ఏడాది సిలబస్‌లో ఏ లాంగ్వేజ్ ఉందో అదే. చాలా కాలేజీల్లో అది సి. పక్కింటి అన్నయ్య డేటా స్ట్రక్చర్స్ మొదలుపెట్టమన్నాడని అటు దూకకండి. క్లాసులు మొదలయ్యేలోపు ఐదు పనులు రావాలి: రెండు సంఖ్యలు తీసుకుని కూడడం, ఇఫ్-ఎల్స్‌తో పెద్దదేదో చెప్పడం, లూపుతో ఎక్కం ప్రింట్ చేయడం, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చూడడం, ఒక సంఖ్యలో అంకెల మొత్తం. ఇంతే. వీడియో చూస్తూ తల ఊపితే రాదు, మీ వేళ్లతో టైపు చేసి, తప్పు వచ్చి, ఆ తప్పు మీరే వెతుక్కోవాలి. నా మొదటి ప్రోగ్రాం స్కాన్‌ఎఫ్‌లో & గుర్తు మరచిపోయి గంటన్నర తల పట్టుకున్నాను. కంపైలర్ ఊరుకుంది, రన్ చేస్తే కూలింది. ఆ గంటన్నరలో నేర్చుకుంది ఇప్పటికీ మరచిపోలేదు.

ఒక జాగ్రత్త. కొన్ని కాలేజీల ల్యాబుల్లో ఇప్పటికీ నీలం తెర టర్బో సి అనే పాత కంపైలర్ వాడతారు, అక్కడి పాత ప్రోగ్రాముల్లో కోనియో.హెచ్, క్లియర్ స్క్రీన్ లాంటివి ఉంటాయి, అవి ఇంట్లో ఇప్పటి జీసీసీ కంపైలర్‌లో నడవవు. తప్పు మీది కాదు, ఆ రెండు లైన్లు తీసేయండి.

స్లైడింగ్‌లో (సీటు వచ్చాక ఖాళీలను బట్టి మార్చే విడతలో) బ్రాంచి మారొచ్చు. అప్పుడు ఇప్పుడు చదివింది వేస్టేనా?

వేస్టు కాదు. ఫస్టియర్‌లో మ్యాథ్స్, ఇంగ్లీషు, ప్రోగ్రామింగ్ దాదాపు అన్ని బ్రాంచిలకూ ఉంటాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా చాలావరకు అందరికీ ఉంటాయి, ఏ బ్రాంచికి మొదటి సెమిస్టర్‌లో ఏది అన్నదే మారుతుంది. కాబట్టి సీటు ఖాయమయ్యేదాకా మ్యాథ్స్, సి పట్టుకోండి, ఫిజిక్సా కెమిస్ట్రీయా అన్నది టైంటేబుల్ చేతికొచ్చాక చూడొచ్చు.

## కొనేముందు

ల్యాప్‌టాప్ మొదటి రోజే కావాలా? ఇంట్లో ఇప్పుడు అంత డబ్బు లేదు.

వద్దు, ఏడాది ఆగినా ఏం కాదు. ఫస్టియర్ సి ప్రోగ్రాములకు ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్ సరిపోతుంది, టైపింగ్ ఇబ్బంది అనిపిస్తే మూడు, నాలుగు వందల్లో దొరికే కీబోర్డును ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి తగిలించండి. నేను మొదటి రెండు సెమిస్టర్లూ అలాగే లాగాను. కాలేజీ ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చోనిస్తారేమో ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగండి, మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అప్పు చేసి మాత్రం కొనొద్దు.

పుస్తకాలు ముందే కొనిపెట్టుకోవాలా?

ఆగండి. ముందు మీ కాలేజీ స్వయంప్రతిపత్తి ఉన్నదా, అంటే అటానమస్ అవునా కాదా తెలుసుకోండి. అటానమస్ అయితే సిలబస్ వాళ్లదే, కాకపోతే యూనివర్సిటీది. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పేరు తెలుసుకుని ఆ సిలబస్ పీడీఎఫ్ ప్రింటు తీసి గోడకు అంటించండి. ఆర్22, ఆర్23 అని ఉంటాయే, అవి. పాత రెగ్యులేషన్ పుస్తకం కొంటే సగం యూనిట్లు అటూ ఇటూ అయిపోయి ఉంటాయి. మొదటి రెండు వారాలు లైబ్రరీ పుస్తకంతో నడిపి, సార్ ఏది చూసి చెబుతున్నాడో గమనించి, అప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. హైదరాబాద్‌లో కోఠి, విజయవాడలో లెనిన్ సెంటర్ ఉండగా కొత్త పుస్తకానికి పూర్తి ధర ఎందుకు. సీనియర్లు ఉచితంగా ఇచ్చేస్తే ఇంకా మంచిది.

డ్రాఫ్టర్, డ్రాయింగ్ బోర్డు అంటున్నారు. అవేంటి, కొనాలా?

డ్రాఫ్టర్ అంటే బోర్డుకు బిగించి సమాంతర గీతలు గీసే స్కేళ్ల పరికరం. రెండూ ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, అంటే వస్తువుల బొమ్మలు కొలతలతో గీసే సబ్జెక్టు కోసం. కొన్ని కాలేజీల్లో ఇప్పుడు సగం పైన కంప్యూటర్ మీదే గీయిస్తున్నారు, కాబట్టి సార్ చెప్పేదాకా కొనకండి. కొనాల్సి వస్తే మినీ డ్రాఫ్టర్ సీనియర్ దగ్గర సగం ధరకు వస్తుంది, కొనేముందు బోర్డుకు బిగించి, ఒక గీత గీసి, స్కేలు కిందికి జరిపి ఇంకో గీత గీయండి. రెండూ సమాంతరంగా రాకపోతే స్క్రూలు వదులైనట్టు, బిగిస్తే సరే, బిగించినా రాకపోతే తీసుకోవద్దు. పెన్సిళ్లు 2హెచ్, హెచ్, హెచ్‌బీ చాలు.

ముందుగా ప్రాక్టీసు చేయాలనుకుంటే అగ్గిపెట్టె టేబుల్ మీద పెట్టి ముందు నుంచి చూస్తే ఎలా ఉంది, పై నుంచి చూస్తే ఎలా ఉంది అని గీయండి. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి, అంటే ముందు నుంచి కనిపించేది ఎక్స్‌వై గీతకు (రెండు బొమ్మల మధ్య గీసే అడ్డగీతకు) పైన, పై నుంచి కనిపించేది కింద. వినడానికి తిరకాసుగా ఉంటుంది, నాలుగు అగ్గిపెట్టెలు గీశాక అలవాటవుతుంది.

## క్లాసులు మొదలయ్యాక

మొదటి మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామ్ అట. పాఠాలుండవు కదా, ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చా?

ఏఐసీటీఈ పెట్టమన్నదే అది, యోగా, మానవ విలువలు, పెద్దల ఉపన్యాసాలు ఉంటాయి. కొన్ని విసుగే, అబద్ధమెందుకు. అయినా వెళ్లండి. లైబ్రరీ కార్డు, ల్యాబులు ఎక్కడ, ఏ సార్ ఎలాంటివాడు, బస్సు ఎన్నింటికి, క్లాసులో ఎవరికి లెక్కలు బాగా వచ్చు, ఇవన్నీ ఆ మూడు వారాల్లోనే తెలుస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చి గంట లెక్కలు చేసుకుంటే సరిపోతుంది.

రేపటి క్లాసుకు ఈ రాత్రి ఏం చూసుకెళ్లాలి? ఎంతసేపు?

ఇరవై నిమిషాలు. అంతకు మించొద్దు, మించితే వారంలో మానేస్తారు. పాఠం మొత్తం అర్థం చేసుకోవడం మీ పని కాదు, అది సార్ పని. రేపు ఏం వినాలో తెలుసుకుని వెళ్లడం మీ పని.

ఉదాహరణకు రేపు మాత్రిక ర్యాంకు ఉందనుకోండి. సిలబస్ కాగితం చూసి పుస్తకంలో ఆ పేజీలు తీయండి. హెడ్డింగులు, బాక్సులో ఉన్న నిర్వచనం, మొదటి ఉదాహరణ మాత్రమే చదవండి. తర్వాత ఒక చిన్న మాత్రిక మీరే రాసుకోండి, మొదటి అడ్డు వరస 1, 2, 3, రెండోది 2, 4, 6, మూడోది 1, 1, 1. రెండో వరస మొదటిదానికి సరిగ్గా రెట్టింపు, కాబట్టి రెండోదాంట్లోంచి మొదటిదానికి రెండింతలు తీసేస్తే 0, 0, 0. మూడోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 0, -1, -2. సున్నా వరసను అట్టడుక్కి దించండి. సున్నా కాని వరసలు రెండు మిగిలాయి, ర్యాంకు 2. ఇప్పుడు మీకు ఒక డౌటు రావాలి: సున్నా కాని వరసలు లెక్కపెడితే ఏం తెలుస్తుంది, దీంతో పనేంటి? ఆ డౌటును నోట్సు మొదటి లైనులో రాసి పడుకోండి. రేపు క్లాసులో సార్ సమీకరణాలకు సాధనలు ఉన్నాయా లేవా అన్నది ర్యాంకుతో తేలుతుందని చెప్పినప్పుడు ఆ మాట చెవిన పడుతుంది. డౌటు లేకుండా వెళ్లినవాళ్లకు అది బోర్డు మీద ఇంకో లైను, ఎక్కించుకుని ఊరుకుంటారు.

రోజూ అన్ని సబ్జెక్టులకూ ఇలా చేయలేరు. ఏది మీకు గండమో ఆ ఒక్కదానికి, మహా అయితే రెండింటికి చేయండి. నేను ఎం1 కి, బేసిక్ ఎలక్ట్రికల్‌కి చేసేదాన్ని. ఇంగ్లీషుకు చేయలేదు, ఏం నష్టం రాలేదు.

నాకు సీటు చివరి విడతలో వచ్చింది. చేరేసరికి నెల క్లాసులు అయిపోయాయి. ఎక్కడ మొదలుపెట్టను?

అందరూ మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు, వాళ్లు రెండో పాఠం అందుకునేసరికి క్లాసు ఐదో పాఠంలో ఉంటుంది, ఎప్పటికీ కలవరు. మీరు ఇవాళ్టి క్లాసు నుంచే మొదలుపెట్టండి. ఇవాళ్టి పాఠానికి పాత పాఠంలో ఏ ఒక్క ముక్క కావాలో అదే రాత్రి చూసుకోండి. పోయిన పాఠాలు ఆదివారాలకు వదిలేయండి, వారానికి సగం యూనిట్ చొప్పున. నోట్సు ఫోటోలు తీసుకుని గ్యాలరీలో దాచుకోవడం చదివినట్టు కాదు, చేత్తో ఎక్కించుకోండి, కనీసం లెక్కలవైనా. హాజరు ఏ తేదీ నుంచి లెక్కేస్తారో ఆఫీసులో అడిగి రాసిపెట్టుకోండి, మామూలుగా 75 శాతం ఉండాలి, 65 కి పైన ఉంటే అనారోగ్యం లాంటి కారణం చూపించి ఫీజు కట్టి గట్టెక్కొచ్చు.

రానుపోను బస్సులోనే మూడు గంటలు పోతున్నాయి. ముందుగా చూసుకునే టైం ఎక్కడిది?

ఉదయం బస్సులో కూర్చోడానికి సీటు దొరికితే అదే మీ ఇరవై నిమిషాలు. లెక్కలు కుదుపులకు రాయలేరు, కాబట్టి బస్సుకు నిర్వచనాలు, కెమిస్ట్రీ, సి ప్రోగ్రాం చదివి అవుట్‌పుట్ ఏమొస్తుందో ఊహించడం లాంటివి పెట్టుకోండి. సాయంత్రం బస్సులో నిద్రపోండి, నేను రోజూ నిద్రపోయేదాన్ని, రెండుసార్లు స్టేజీ దాటిపోయాను కూడా.

ల్యాబ్‌కి కూడా ముందే ప్రిపేర్ అవ్వాలా?

క్లాసు కంటే ల్యాబుకే ముఖ్యం అంటాను. ప్రయోగం పేరు, సూత్రం, పట్టిక గీతలు ముందురోజే అబ్జర్వేషన్ నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్తే ల్యాబులో చేతులు పరికరం మీద ఉంటాయి, లేకపోతే రాసుకోవడంలోనే టైం అయిపోయి రీడింగులు పక్కవాడివి ఎక్కించాల్సి వస్తుంది. నీటి కాఠిన్యం ప్రయోగంలో బ్యూరెట్ రీడింగు కంటికి సమానంగా పెట్టి ద్రవం వంపు అడుగు దగ్గర చూడాలి, ఈ ఒక్కటి తెలిసినా మూడుసార్లు చేసే టైట్రేషన్ రెండింట్లో తేలుతుంది. సి ల్యాబుకు ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని వెళ్లండి, పరీక్షలోనూ ముందు కాగితం మీదే రాయమంటారు.

చాట్‌జీపీటీ ఉండగా ఇవన్నీ ఎందుకక్కా?

అడగండి, తప్పులేదు. అయితే మీరు ఒకసారి ప్రయత్నించి ఇరుక్కున్నాక అడగండి, అదీ "జవాబు చెప్పు" అని కాదు, "నేను చేసిన దాంట్లో ఏ మెట్టు తప్పింది" అని. లెక్కల్లో అది తప్పులు కూడా ఎంతో నమ్మకంగా చెబుతుంది. పరీక్ష హాల్లో మీ పక్కన అది ఉండదు, పెన్నే ఉంటుంది.

మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి పుస్తకం ముట్టడం లేదమ్మా. ఏం చెప్పమంటావు?

ఆంటీ, మొదటి నెల వదిలేయండి. కొత్త ఊరు, కొత్త భాష, అలసట. ఇంటర్‌లో లాగా పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టేవాళ్లు ఇక్కడ లేరు, తనకు తానుగా కూర్చోవడం అలవాటయ్యేదాకా కాస్త తడబడుతుంది. "ఎంత చదివావు" అని అడగకుండా "రేపు ఏం పాఠం" అని అడగండి. దానికి జవాబు తెలిస్తే ఆ పిల్ల బాగానే ఉన్నట్టు.

## మిడ్స్ దగ్గరపడ్డాక

ఇంటర్నల్స్ సార్లు ఎలాగూ వేసేస్తారు, ఎక్స్‌టర్నల్‌కి చదివితే చాలంటున్నారు సీనియర్లు. నిజమేనా?

నమ్మొద్దు. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 లో ఇంటర్నల్ (కాలేజీ వేసే మార్కులు) 40, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60. ఆ 40 లో మిడ్ పేపరు 30, అసైన్‌మెంటు 5, వైవా లాంటిది 5, రెండు మిడ్‌లకు సగటు కడతారు. ఆంధ్రలో ఆర్23 లో 30, 70, అక్కడ రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం లెక్క. అంటే ఆంధ్రలో ఒక మిడ్ పోయినా ఇంకోదాంతో చాలావరకు పూడ్చుకోవచ్చు, మన దగ్గర సగటు కాబట్టి నా 9 చివరిదాకా నా వెంటే వచ్చింది. రెండో మిడ్‌లో 24 తెచ్చుకున్నా సగటు పదహారున్నరే. కొత్త బ్యాచ్‌లకు రెగ్యులేషన్ మారుతుంటుంది, మీ కాగితంలో ఎంతుందో చూసుకోండి.

మొదటి మిడ్‌కి ఎప్పటి నుంచి చదవాలి?

మిడ్‌కి వచ్చేది దాదాపు రెండున్నర యూనిట్లు. యూనిట్ పూర్తయిన ఆదివారమే పాత ప్రశ్నపత్రాలు నాలుగు ముందేసుకుని ఆ యూనిట్ ప్రశ్నలు మాత్రం గుర్తుపెట్టండి, రెండు మూడు రకాల లెక్కలే తిరిగి తిరిగి వస్తుంటాయని మీకే కనిపిస్తుంది. వాటిని పుస్తకం మూసి చేయండి. ఈ పని చేస్తే మిడ్‌కి ముందు రెండు రోజులు చాలు. చేయకపోతే వారం కూడా చాలదు, ముందురాత్రి హాస్టల్లో మ్యాగీ చేసుకుని మేలుకోవడమే, అది కూడా నేను చేశాను, పొద్దున పేపరు చూస్తే అక్షరాలు ఊగాయి.